ఎర్ర పుట్టగొడుగుల పొడి

చెప్పులు విడిచినా, పట్టీ ముద్ర డానియల్ పాదం మీద గుంటపడి అట్లనే ఉండిపోయింది. శ్రీదేవి కన్ను దాని మీదే పడింది.

ఆమె వచ్చింది పాల పుట్టగొడుగులు ఇచ్చిపోదామని. పొద్దున షెడ్డులో కోసినవాటిలో గొడుగు విరిగినవి అంగట్లో పోవు, అవి తమ్ముని ఇంటికి. సంచి అరుగు మీద పెట్టి "సువార్తా, కూరకు తెచ్చిన" అని మరదలికి కేకేసి స్కూటీ తిప్పుతోంది. అంతలో డానియల్ వ్యాను గేటు ముందు ఆపి, దిగి వచ్చి, అరుగు మీద కూలబడ్డట్టు కూచున్నాడు.

"కాళ్ళు ఉబ్బినయ్ రా."

"ఎండల తిరిగొచ్చిన. ఉబ్బవా?"

"ఎప్పటి సంది?"

"అక్కా, సంచి పెట్టినవ్ గద. బావ డ్యూటీకి పోయే యాళ్ళయింది, పో."

ఆమె పోలేదు. స్కూటీకి స్టాండు వేసి వచ్చి, వంగి, బొటనవేలితో పాదం మీద నొక్కింది. పిండి ముద్దలో నొక్కినట్టు లోపలికి పోయింది. వేలు తీసినా గుంట నిండలేదు. డానియల్ కాలు వెనక్కి లాక్కున్నాడు. గడపలో నిలబడ్డ సువార్త ఏదో అనబోయి, మొగుని మొహం చూసి, సంచి తీసుకుని లోపలికి పోయింది.

"రేపు రక్తపరీక్ష చేయించుకో" అంది శ్రీదేవి.

"పోయిన నెల చేయించిన."

"ఏమొచ్చింది?"

"మంచిగనే వచ్చింది."

"కాయితం చూపియ్యి."

"నీకెందుకు చూపియ్యాలె?" అని డానియల్ గట్టిగా అరిచాడు. పక్కింటి ఆమె గోడ మీది నుంచి తొంగి చూసింది. శ్రీదేవి స్కూటీ ఎక్కింది. షాద్‌నగర్ చౌరస్తా దాటి, రైలు గేటు దాటి, తన షెడ్డు దాకా వచ్చింది కానీ దారిలో ఏం చూసిందో ఆమెకు తెలియదు.

రెండేళ్ళ కింద డానియల్ రెండు కిడ్నీలూ పోయినయ్. తెలంగాణ వచ్చిన ఏడాది వ్యాను కొనుక్కుని, కూరగాయలు, కోళ్ళ దాణా, ఏది దొరికితే అది హైదరాబాద్‌కు తోలేవాడు. మనిషి ఉక్కు లెక్క ఉండేవాడు. తలనొప్పి, తలనొప్పి అంటూ నొప్పి గోలీలు మింగి స్టీరింగ్ పట్టేవాడు. బీపీ అని తెలిసేసరికి కిడ్నీలు ఎండిపోయినయ్. వారానికి మూడుసార్లు డయాలసిస్ మిషను మీద పడుకునేవాడు. తల్లికి చక్కెర వ్యాధి, ఆమెది పనికిరాదన్నారు. సువార్తది రక్తం గ్రూపు కలవలేదు. అక్కది కలిసింది.

శ్రీదేవి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మొగుడు భిక్షపతి మాత్రం దినమంతా ఆలోచించి, చివరికి "నీ తమ్ముడు. నీ ఇష్టం. కని నువ్వు నాకు కావాలె" అన్నాడు. సంతకం పెట్టాడు. హైదరాబాద్ పెద్ద దవాఖానలో ఆమె ఎడమ కిడ్నీ తీసి డానియల్‌కు పెట్టారు.

ఆపరేషన్ మంచిగా అయింది. కానీ అప్పటి నుంచి శ్రీదేవికి నిమ్మలం పోయింది. కుట్లు మానినా మనసు మానలేదు. ఒక పని చేస్తూ ఇంకో పనికి లేచేది. కూచుంటే నిలబడేది, నిలబడితే నడిచేది. ఆకాశం మబ్బు పట్టిందంటే తమ్మునికి సర్ది చేస్తదేమోనని బుగులు. చర్చిలో పక్కన ఎవరన్నా దగ్గితే లేచి పోయి డానియల్‌ను వెనక వరుసకు జరిపేది. పొద్దునొకసారి, పగటీలి ఒకసారి, దీపాలు పెట్టే యాళ్ళకు ఒకసారి ఫోను. నీళ్ళు తాగినవా. మాస్కు పెట్టుకున్నవా. గోలీలు వేసుకున్నవా.

ఆ పనిలేని పరుగును ఏదో ఒకదానికి పెట్టాలని భిక్షపతే షెడ్డు వేయించాడు. అతను పనిచేసే ఫ్యాక్టరీలో ఒకరి భార్య పుట్టగొడుగులు పెంచుతుందట. శ్రీదేవి పోయి నేర్చుకుంది. వరిగడ్డి ఉడకబెట్టి, ఆరబెట్టి, సంచుల్లో వరుసలుగా విత్తనం చల్లి, చీకటిగదిలో వేలాడదీసి, గోనెపట్టాలు తడిపి కట్టడం. పాల పుట్టగొడుగులు తెల్లగా, మొద్దుగా వచ్చినయ్. హైదరాబాద్‌కు డానియల్ వ్యానులోనే పోయేవి.

ఎర్ర పుట్టగొడుగులు తర్వాత వచ్చినయ్. పాత బస్టాండు దగ్గర యునానీ మందుల దుకాణం హమీద్‌ది. అరవై దాటిన మనిషి, మెత్తటి మాట. ఒకనాడు ఫోనులో బొమ్మ చూపించి, "చెల్లె, గిది పండిస్తవా? రీషీ అంటరు. చీనా దేశపోళ్ళు ఎన్నో వందల ఏండ్ల సంది తాగుతున్నరట. మా అబ్బా జమానల గారిఖూన్ అని ఒక దినుసు వస్తుండె, అది గూడ చెట్టు మీద మొలిచే పుట్టగొడుగే. మాకు కొత్త గాదు" అన్నాడు.

రంపపు పొట్టు సంచుల్లో అది మెల్లగా వచ్చింది. ముందు తెల్ల వేళ్ళ లెక్క, తర్వాత పసుపు అంచుతో విచ్చుకుని, పూర్తిగా పండినంక వార్నిషు వేసిన కట్టె లెక్క ఎర్రగా మెరిసింది. ఒకటి కోసి డానియల్ చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. "అక్కా, అచ్చం కిడ్నీ లెక్కనే ఉన్నది. నీకు మళ్ళ మొలిచింది పో."

ఎండబెట్టి, మర పట్టించి, డబ్బాల్లో నింపి హమీద్ దుకాణానికి ఇచ్చేది. చేదు పొడి. వేడినీళ్ళలో కలుపుకుని తాగాలి. దగ్గు తగ్గిందన్నారు ఒకరు, నిద్ర పడుతోందన్నారు ఇంకొకరు. మోత్కూర్‌లో ఉండే పెద్దమ్మ సాలమ్మకు మోకాళ్ళ నొప్పులంటే శ్రీదేవే ఒక డబ్బా పంపింది. తన చేతిలో పండింది నలుగురికి మందైతుందంటే ఆమెకు కొంచెం ఊపిరాడినట్టు ఉండేది.

మర్నాడు పొద్దున్నే సువార్త ఫోను చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"వదినా, రాత్రి అన్నం తిన్లేదు. మొహం గూడ ఉబ్బింది. నేను చెప్పిన అనకు. నువ్వే వచ్చినట్టు రా."

శ్రీదేవి పోయింది. ఈసారి డానియల్ అరవలేదు. అరిచే ఓపిక లేదు. రక్తం ఇచ్చి వచ్చారు. సాయంత్రం కాయితం వచ్చింది. ఆపరేషన్ తర్వాత ఒకటీ, ఒకటింబావు మధ్య నిలిచిన క్రియాటినిన్ మూడు దాటింది. ఆ అంకె పెరిగితే కిడ్నీ చెడుతున్నట్టని ఆ ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. సువార్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భిక్షపతి డ్యూటీ నుంచి వస్తూనే బట్టలు మార్చకుండా వ్యాను తాళంచెవి తీసుకున్నాడు. హైదరాబాద్ దాకా డానియల్ కిటికీకి తల ఆనించి కండ్లు మూసుకున్నాడు. శ్రీదేవి వెనక సీట్లో కూచుని ముందుకు వంగి, అతని భుజం మీద చెయ్యి వేస్తూ తీస్తూ పోయింది.

ఆసుపత్రిలో కిడ్నీ డాక్టరు కౌసర్ మేడమ్‌కు ఈ అక్కాతమ్ముళ్ళు గుర్తే. కాయితాలు చూసి, పొట్ట నొక్కి చూసి, సూదితో కిడ్నీ ముక్క తీసి పరీక్షకు పంపింది. మర్నాడు ఫలితం పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది.

"ఒళ్ళు కిడ్నీని వద్దంటోంది" అంది ఆమె. "ఇన్ని రోజులు ఒప్పుకుని ఇప్పుడెందుకు వద్దంటోందో తెలియాలె నాకు. డానియల్, గోలీలు మొత్తం వేసుకుంటున్నవా?"

"వేసుకుంటున్న."

"వేరే మందులేమన్నా? నాటుమందు, ఆకు పసరు, పొడి?"

డానియల్ పైకప్పు వైపు చూశాడు. శ్రీదేవి నోరు తెరిచి "ఏం లేవు మేడమ్, అన్నీ నేనే అడుగుత రోజు" అంది. ఆ మాట పూర్తికాకముందే సువార్త మంచం కోడు పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది.

"అబద్ధం ఎందుకు చెప్తవ్" అంది మొగుని వైపు చూస్తూ. తర్వాత డాక్టరు వైపు తిరిగింది. "సాయంత్రం గోలీ వేసుకుంటలేడు మేడమ్. అది వేసుకుంటే కడుపు పాడైతదట. వ్యాను తోలుకుంట మధ్యల ఆపి పరుగెత్తాల్సి వస్తదట. నాలుగు నెలల సంది మానిండు. దాని బదలు పొద్దుగాల చాయల ఎర్ర పొడి కలుపుకొని తాగుతున్నడు."

"ఏం ఎర్ర పొడి?"

సువార్త కండ్లు వదిన మీదికి పోయి, వెంటనే కిందికి దిగినయ్.

"నాదే మేడమ్" అంది శ్రీదేవి. "పుట్టగొడుగుల పొడి. రీషీ. నేనే పండిస్త."

"దేనికని అమ్ముతరు?"

"రోగనిరోధక శక్తి పెంచుతదని..." అని మొదలుపెట్టింది. ఈ మాట ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పిందో లెక్క లేదు. ఇప్పుడు తమ్ముని మంచం పక్కన నిలబడి మాట సగంలోనే ఆపింది. ఆపరేషన్ అయినప్పుడు ఇదే డాక్టరు ఇదే వార్డులో చెప్పిన సంగతి యాదికొచ్చింది. పెట్టిన కిడ్నీ పరాయిదని ఒంట్లో ఉండే కావలికి తెలుస్తది, దాని మీద దాడికి పోతది, ఆ కావలిని నిద్రపుచ్చనీకే ఈ గోలీలు, బతికినంత కాలం. అప్పుడు తలూపింది. ఆ కావలికీ, తన డబ్బా మీద రాయించిన శక్తికీ సంబంధం ఉందని ఒక్కనాడు అనుకోలేదు.

కౌసర్ మేడమ్ కోపం చేసుకోలేదు. అందుకే శ్రీదేవికి ఇంకా కష్టమైంది.

"డానియల్ మానేసిన గోలీ ఉన్నది చూడు, దాని పుట్టుక గూడ ఒక బూజే. పాచిపోయిన వాటి మీద పట్టే బూజు జాతిది. ఆ బూజు తయారుచేసే రసం నుంచే ఆ మందు. బూజులు, పుట్టగొడుగులు ఒక కుటుంబమే. కొన్ని మన కావలిని పండబెడతయ్, కొన్ని లేపుతయ్ అంటున్నరు. కొన్ని ఏం చేస్తయో ఇంకా తెలియదు. మంచిదా, చెడ్డదా అని కాదమ్మా అడగాల్సింది. ఎవరికి అని అడగాలె."

మూడు రోజులు నరంలోకి పెద్ద సూదులు ఎక్కిస్తామని, అంకె దిగితే దిగుతుందని, దిగకపోతే వేరే చూడాలని చెప్పి ఆమె పక్క మంచానికి పోయింది.

సువార్త చాయ తేవడానికి పోయినప్పుడు అక్కాతమ్ముళ్ళే మిగిలారు. శ్రీదేవి మంచం చుట్టూ తిరుగుతోంది. దుప్పటి సర్దింది. నీళ్ళ సీసా అటు పెట్టి ఇటు పెట్టింది.

"కూసో అక్కా. కండ్లు తిరుగుతున్నయ్ నిన్ను చూస్తె."

"గోలీ పడ్తలేదని నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు నిద్రపోతవా?"

"డాక్టరుకన్న చెప్పకపోతివి. మారుస్తుండెనేమో."

"డాక్టరుకు చెప్తే నీకు తెల్వదా?" డానియల్ గొంతు చిన్నగా, గరగరగా ఉంది. "పొద్దుగాల లేస్తే నీ ఫోను. ఉచ్చ మంచిగ వస్తుందా అని అడుగుతవ్. వ్యాన్ల పక్కన నలుగురు కూసోని ఉంటరు. ఏం చెప్పాలె నేను? ఇంటికొస్తవ్, కాళ్ళు చూస్తవ్, కండ్లు చూస్తవ్, కాయితం చూపియ్యి అంటవ్. నీ వస్తువు నా దగ్గర దాసుకున్నట్టు. కిడ్నీ ఇచ్చినవ్, నేను కాదంటలేను. కని అదిచ్చి నన్ను తీసుకున్నవ్ అక్కా. సాయంత్రం గోలీ వేసుకోకపోతే, ఎవలకు తెల్వకుండ ఒక్క పని నా ఇష్టం ఉన్నట్టు అనిపించేది. పిచ్చి. తెలుసు."

శ్రీదేవి నీళ్ళ సీసా మూత బిగిస్తూ ఉండిపోయింది. అది ఎప్పుడో బిగిసింది.

"మరి పొడి ఎందుకు తాగినవ్?"

"నీ చేతిది గదా అని." డానియల్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "హమీద్ భాయ్ కాడికి డబ్బాలు చేరేసేది నేనే. తాగినోళ్ళందరు నా ముందట నీ పేరు చెప్పి దీవించేటోళ్ళు. అందర్కి మంచి చేస్తది, నాకు చెయ్యదా అనుకున్న. తాగినంక నిజంగనే హుషారుగ ఉండె. బయట మందైతే ముట్టకపోదును."

సువార్త చాయతో వచ్చింది. శ్రీదేవి తాగలేదు. వరండాలోకి పోయి ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. ఆ నడక మూడు రోజులు ఆగలేదు. నర్సులు "అమ్మా, పక్కకు" అనేవారు. జరిగి, మళ్ళీ నడిచేది. అంకె మొదటి రోజు ఇంకొంచెం పెరిగింది. రెండో రోజు అక్కడే నిలబడింది. మూడో రోజు భిక్షపతి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు ఇక్కడుంటే వాడు నిన్ను చూసి రంది పడుతున్నడు. ఇంటికి పోదాం పా. సువార్త ఉన్నది గద."

ఇంట్లో మాత్రం ఎట్ల ఉంటుంది? పోగానే షెడ్డు తలుపు తీసింది. పాల పుట్టగొడుగులకు నీళ్ళు లేక గోనెపట్టాలు ఎండి ఉన్నయ్. ఎర్రవి మాత్రం ఎవరూ చూడకున్నా పెరిగి, సంచుల నోట్లోంచి బయటికొచ్చి మెరుస్తున్నయ్. తలుపు వేసి స్కూటీ తీసి తిన్నగా హమీద్ దుకాణానికి పోయింది.

హమీద్ అప్పుడే కొట్టు తెరిచి సీసాల మీద దుమ్ము తుడుస్తున్నాడు. జరిగింది విని, గుడ్డ పక్కన పెట్టి, "యా అల్లా" అని స్టూలు మీద కూలబడ్డాడు.

"మనం ఎవలెవలికి ఇచ్చినం హమీద్ భాయ్?"

"పేర్లు నేనెక్కడ పెట్టుకుంట చెల్లె? వస్తరు, అడుగుతరు, ఇస్త."

"ఏం గోలీలు వేసుకుంటున్నరని ఎవలనన్న అడిగిన్రా?"

హమీద్ మొహం ఎర్రబడింది. "నాడి చూస్త. నాలుక చూస్త. మా అబ్బా కాన్నుంచి గిదే పని. నేనేమన్న దొంగ మందు అమ్మిన్నా? అది తాగి నిద్రపట్టినోళ్ళు లేరా? దగ్గు పోయినోళ్ళు లేరా?"

"ఉన్నరు. నేను కాదంటలేను. ఇంగ్లీషు గోలీల గురించి అడిగిన్రా అంటున్న."

"లేదు" అన్నాడు హమీద్. "నువ్వడిగినవా?"

ఆమె కూడా అడగలేదు. తర్వాత హమీద్ ఫోను తీసి, గుర్తున్నవాళ్ళకు ఒక్కొక్కరికి చేయడం మొదలుపెట్టాడు. "సలాం భాయ్, గా పొడి జర ఆపు... ఏం లేదు, పెద్ద డాక్టరుకు ఒక మాట చెప్పినంక తాగు..." కొందరు సరే అన్నారు. కొందరు నవ్వారు. అది వింటూ ఉండగా శ్రీదేవికి పెద్దమ్మ యాదికొచ్చింది. సాలమ్మ గుండెకు ఆపరేషన్ అయింది కదా. లోపల కవాటం మార్చి పెట్టారు కదా. ఆమె కూడా ఏదో గోలీ బతికినంత కాలం వేసుకోవాలె కదా.

ఫోను చేస్తే సాలమ్మ ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. శ్రీదేవి ఇంటికి కూడా పోకుండా స్కూటీ దుకాణం ముందే వదిలి హైదరాబాద్ బస్సెక్కింది. ఉప్పల్‌లో మోత్కూర్ బస్సు మారింది. సీటు దొరికినా అంచున కూచుంది. కిటికీలోంచి పత్తిచేలు, రాతిగుట్టలు, కొత్తగా కట్టిన ఇటుకబట్టీలు వెనక్కి పోతున్నయ్. బస్సు ఆగిన ప్రతిచోటా ఆమె పాదాలు నేలను తన్నినయ్, తను తోస్తే బండి కదులుతుందన్నట్టు.

సాలమ్మ ఇంటి ముందు నీడలో కూచుని చింతపండు గింజలు తీస్తోంది. ఫోను లోపల చార్జింగ్‌కు పెట్టిందట. బిడ్డ వచ్చిందని సంతోషంతో రెండు చేతులూ చాపింది. ముంజేతుల మీద నీలిరంగు కమిలిన మచ్చలున్నయ్, ఒకటి అరచెయ్యంత.

"గివేంది పెద్దమ్మా?"

"గాజులు ఒత్తుకున్నయ్ బిడ్డా."

"మట్టిగాజులు మోచెయ్యి కాడ ఒత్తుకుంటయా? పండ్ల సందుల నెత్తురు వస్తున్నదా?"

"యాపపుల్ల గీసుకుంటది అప్పుడప్పుడు. ఎందుకే, గట్ల పోలీసోళ్ళ లెక్క అడుగుతున్నవ్?"

శ్రీదేవి లోపలికి పోయి గోలీల సంచి తెచ్చింది. రక్తం పలుచన చేసే గోలీ అందులో ఉంది. అలమారలో తన డబ్బా ఉంది, సగం ఖాళీ అయి. ఆ డబ్బా చంకలో పెట్టుకుని బయటికి వచ్చేసరికి సాలమ్మ లేచి నిలబడింది.

"దాన్నెందుకు తీసినవ్? అది తాగినంక మోకాళ్ళు లేస్తున్నయ్ నాకు. ఆదివారం చర్చికి నడిచి పోయిన. నువ్వే పంపితివి, నువ్వే గుంజుకుంటివి?"

"మోకాళ్ళు లేస్తయేమో పెద్దమ్మా. కని నీ గోలీతోని కలిస్తే నెత్తురు ఆగదేమో."

"ఏమో అంటున్నవ్. నీకు తెలుసా?"

"తెల్వదు. అందుకే పా, దవాఖానకు పోయి అడుగుదాం."

సాలమ్మ అలిగింది. గింజలు తీయడం ఆపలేదు. శ్రీదేవి పక్కన కూచుని డానియల్ సంగతి మొత్తం చెప్పింది. చెప్తున్నంతసేపూ ముసలామె చేతులు మెల్లగా ఆగుతూ వచ్చినయ్. చివరికి చీర కుచ్చిళ్ళు దులుపుకుని "ముందే చెప్పొద్దా. చెప్పులు అందియ్యి" అంది.

భువనగిరిలో రక్తం చూశారు. ఉండాల్సినదానికంటే బాగా పలుచన అయిందన్నారు. పొడి ఆపమన్నారు, గోలీ రెండు రోజులు ఆపి మళ్ళీ పరీక్షకు రమ్మన్నారు. పొడి వల్లనేనా అని శ్రీదేవి అడిగితే, ఆ కుర్ర డాక్టరు "కావచ్చు, కాకపోవచ్చు" అన్నాడు.

దవాఖాన మెట్లు దిగుతుంటే సువార్త ఫోను వచ్చింది. తెర మీద పేరు చూసి శ్రీదేవి ఎత్తలేకపోయింది. సాలమ్మే లాక్కుని చెవి దగ్గర పెట్టుకుంది.

"ఆఁ... ఆఁ... ఎంతకు?... దేవా, నీకు వందనం." ఫోను కింద పెట్టి, "తగ్గుతున్నదట" అంది.

శ్రీదేవి మెట్టు మీదనే కూచుంది. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు పక్క నుంచి పోతున్నా లేవలేదు. ఏడుపు వస్తుందనుకుంది కానీ రాలేదు. ఆకలేసింది.

డానియల్ ఇంటికి వచ్చేసరికి ఇంకో వారం పట్టింది. అంకె దిగింది కానీ పాతచోటికి దిగలేదు. రెండు దగ్గర నిలిచింది. కిడ్నీలో కొంత భాగం మచ్చ పడిపోయిందని, మిగిలినదాన్ని కాపాడుకోవాలని చెప్పారు. కడుపు పాడుచేసే గోలీకి బదులు అదే మందు, కడుపులో మెల్లగా కరిగే రకం ఇచ్చారు. అది పడింది. ముందే అడిగి ఉంటే ముందే ఇచ్చేవాళ్ళు.

శ్రీదేవి ఫోన్లు మానుకోవడానికి చాలా కష్టపడింది. చెయ్యి దానంతట అదే ఫోను మీదికి పోయేది. అప్పుడు లేచి గడ్డి ఉడకబెట్టేది. గోనెపట్టాలు తడిపేది. భిక్షపతి చూసి చాయ పెట్టి ఇచ్చేవాడు. డానియల్‌తో ఒప్పందం ఒక్కటే. ప్రతి పరీక్షకూ దవాఖానకు ఇద్దరూ కలిసి పోతారు. మధ్యలో ఆమె అడగదు, అతను దాచడు.

మొదటిసారి పోయినప్పుడు, డానియల్ రక్తం ఇవ్వడానికి వరుసలో నిలబడితే, ఆమె కౌసర్ మేడమ్ గదిలోకి ఒక్కతే పోయింది.

"ఒక్క మాట చెప్పాలె మేడమ్. గోలీ మానినందుకు ఎంత, నా పొడి తాగినందుకు ఎంత?"

డాక్టరు పెన్ను కింద పెట్టింది. "గోలీ మానడం చాలమ్మా. అదొక్కటే ఇంత చేయగలదు. పొడి ఎంత తోసిందో, అసలు తోసిందో లేదో, నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. ధైర్యం కోసం అబద్ధం చెప్పమంటావా?"

"వద్దు" అంది శ్రీదేవి.

ఆ తెలియకపోవడమే ఆమెకు మిగిలింది. దోషమైతే మోయవచ్చు, కాకపోతే దించుకోవచ్చు. ఇది రెండూ కాదు. షెడ్డులో ఎర్రవాటి ముందు నిలబడి చాలాసార్లు ఆలోచించింది. వాటిని తిడదామంటే నోరు రాలేదు. అవి మొలవడం తప్ప ఏం చేసినయ్? చివరికి ఆ సంచులన్నీ దించి, వెనక జాగాలో గుంత తీసి పూడ్చింది. డానియల్ వచ్చి గుంత పక్కన కూచుని చూశాడు. "అనవసరంగ పారేస్తున్నవ్ అక్కా. తాగేటోళ్ళు తాగుతరు" అన్నాడు. "తాగనీ. నా చేతిది తాగొద్దు, అడగకుంట" అంది.

అతను అన్నట్టే అయింది. నెల తిరగకముందే హమీద్ దుకాణంలో వేరే కంపెనీ డబ్బాలు వచ్చినయ్. నున్నటి కాయితం, మెరిసే ఎర్ర బొమ్మ, కింద అదే మాట. హమీద్ ఆమెను చూసి చూపు తప్పించుకున్నాడు.

"అడిగేటోళ్ళు ఉన్నరు చెల్లె. నేనియ్యకపోతే పక్క దుకాణం పోతరు."

ఆమె వాదించలేదు. వచ్చింది పాత డబ్బాల లెక్క తేల్చుకోవడానికి. తేల్చుకుని పోవాల్సిన మనిషి అక్కడే నిలబడింది. అంతలో ఒకామె వచ్చింది. నడివయసు, చేతిలో కూరగాయల సంచి. డబ్బా వైపు వేలు చూపించి, "గది ఒకటియ్యి భాయ్. మా ఆయనకు నీరసం" అంది. హమీద్ చెయ్యి డబ్బా మీదికి పోయింది.

"అక్కా" అంది శ్రీదేవి. "మీ ఆయన ఏం గోలీలు వేసుకుంటడు?"

ఆమె శ్రీదేవిని పైకీ కిందికీ చూసింది. "నువ్వెవలమ్మా?"

"ఎవల్ని గాను. చెప్పున్రి, ఏం గోలీలు?"

"ఏవో వేసుకుంటడు. నీకెందుకు?" అని హమీద్ వైపు తిరిగింది. "ఇస్తవా, ఇయ్యవా?"

హమీద్ చెయ్యి డబ్బా మీదనే ఉంది. శ్రీదేవి కాళ్ళు ఎప్పటి లెక్కనే ఒక చోట నిలవడం లేదు, కానీ దారికి అడ్డం మాత్రం తప్పుకోలేదు. హమీద్ ఒకసారి ఆమె మొహం చూశాడు, ఒకసారి డబ్బా చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"జర చెప్పమ్మా" అన్నాడు. "లేకుంటే ఇంటికి ఫోన్ చేసి అడుగు. తొందరేం లేదు."

ఆమె విసుక్కుంటూ కూరగాయల సంచి గల్లా మీద పెట్టి, అడుగున వంకాయల కింద చెయ్యి పెట్టి వెతికింది. మందుల దుకాణం నుంచి అప్పుడే తెచ్చినట్టుంది, మడతపడ్డ గోలీల పట్టీ ఒకటి బయటికి తీసింది. హమీద్ జేబులోంచి కండ్లద్దాలు తీసి పెట్టుకుని, పట్టీ వెలుతురుకు పట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టాడు.